ఎనిమిదా, పదకొండా?

మూడు వారాలుగా మా ఇంట్లో ఒకటే చర్చ. పిల్ల పెళ్లి గురించీ కాదు, ఇంటి స్థలం గురించీ కాదు. నా గేరు సైకిలు వెనక చక్రానికి వున్న ఎనిమిది పళ్లచక్రాలూ తీసేసి పదకొండు వేయించడమా, వద్దా అని. నవ్వేవాళ్లు నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. అయితే దానికయ్యే ఖర్చు నలభై ఎనిమిది వేలని చెప్పిన మీదట మా ఆవిడ నవ్వడం మానేసి, కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చున్నది. బహుశా మీ ఇంట్లోనూ అదే జరుగుతుంది.

ముందు సరంజామా సంగతి చెప్పాలి. నా సైకిలు పాలవాడి సైకిలు లాంటిది కాదు. వంపు హ్యాండిలు, సన్నని టైర్లు, అల్యూమినియం చట్రం. కొని పధ్నాలుగేళ్లయింది. కాలేజీలో పద్యాలు చెప్పుకునేవాడికి ఈ సోకు ఏమిటని కొన్నాళ్లు అన్నవాళ్లు అన్నారు, తర్వాత వాళ్లకే విసుగు పుట్టింది. తెల్లవారుజామున విశాఖ సముద్రపు వొడ్డున బయలుదేరి భీమిలి దాకా వెళ్లి రావడం నా అలవాటు. పెడళ్ల దగ్గర రెండు పెద్ద పళ్లచక్రాలున్నాయి: ఒకదానికి 52 పళ్లు, రెండోదానికి 39. వెనక ఎనిమిది. వాటిలో అన్నిటికన్నా చిన్నదానికి 12 పళ్లు, పెద్దదానికి 25. ఇవీ, వీటిమీద నడిచే గొలుసూ, ఆ గొలుసును ఒక చక్రం మీదినుంచి మరొక చక్రం మీదికి తోసే చేతులూ, హ్యాండిలు దగ్గరి మీటలూ అన్నీ కలిపి దుకాణాలవాళ్లు గ్రూప్‌సెట్ అంటారు. నేను గేరు సామాను అంటాను.

గొలుసును తోసే ఆ చేతికి డిరైలరని పేరు. తెలుగు మాస్టారిని కదా, మాట కనపడితే దాని పుట్టుక అడగకుండా వుండలేను. ఇది ఫ్రెంచి మాట. పట్టాలు తప్పించేది అని అర్థం. రైలు పట్టా తప్పితే ప్రమాదం, గొలుసు పట్టా తప్పితే సౌకర్యం!

ఇక అసలు కథ మోకాలిది. పోయిన డిసెంబరులో మా అమ్మాయీ నేనూ శృంగవరపుకోట మీదుగా అనంతగిరి ఘాటీ ఎక్కాం. టైడా దాటాక నా కుడి మోకాలు పేచీ పెట్టింది. అమ్మాయి ముందు మలుపులో ఆగి, వెనక్కి చూసి, "నెమ్మదిగా రండి నాన్నా, తొందరేం లేదు" అన్నది. దానికి తొందర లేదు గానీ నాకు గేరు లేదు. ఉన్న గేర్లలో అన్నిటికన్నా తేలికైనదానిలోనే వున్నాను. ఇంకా కిందికి దింపుదామని మీట నొక్కితే, అది కదల్లేదు. తర్వాత డాక్టరు మోకాలు అటూ ఇటూ వంచి చూసి, "సైకిలు మానక్కర్లేదు మాస్టారూ. బరువుగా తొక్కడం మానండి. కాళ్లు వేగంగా తిరగాలి, తేలిగ్గా తిరగాలి" అన్నాడు.

అమ్మాయిది ఇంజనీరింగు ఆఖరి సంవత్సరం. వచ్చే జూలైలో పుణేలో వుద్యోగంలో చేరాలి. ఈ డిసెంబరులో మళ్లీ వెళదామనీ, ఈసారి గాలికొండ దాకా ఎక్కి తీరాలనీ పట్టుబట్టింది. దాని తర్వాత తండ్రీ కూతుళ్లకు అట్లాంటి డిసెంబరు మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో ఎవరు చెప్పగలరు? అంచేత ఈ గేరు సామాను నాకు వట్టి సోకు కాదు.

నాతో పాటు భీమిలి వచ్చే ఒక పెద్దమనిషి వున్నాడు. బ్యాంకులో పనిచేసి విరమించాడు, నాకన్నా పన్నెండేళ్లు పెద్ద, కొత్త సైకిలు కొన్నాడు. "పదకొండు వేయించండి మాస్టారూ! ఎనిమిది ఏ కాలం నాటి మాట?" అని ఆయన ప్రతి ఆదివారమూ అంటాడు. సరే అని ఒక పెద్ద దుకాణానికి వెళ్లి, ఖర్చు చీటీ రాయించుకుని వచ్చాను.

తీగ లాగితే డొంకంతా కదలడమంటే ఏమిటో ఆ చీటీ చూశాక తెలిసింది. వెనక పదకొండు చక్రాలు పెడితే హ్యాండిలు దగ్గరి మీటలు మారాలి, ఎందుకంటే పాత మీట ఎనిమిది మెట్లే లెక్కపెడుతుంది. మీటలు మారితే వెనక డిరైలరు మారాలి, ఎందుకంటే కొత్త మీట తీగను లాగే కొలత వేరు. దానితోపాటు ముందు డిరైలరు. పదకొండు చక్రాల మధ్య సందు ఇరుకు కనుక గొలుసు సన్నబడాలి. సన్నగొలుసుకు తగిన ముందు చక్రాలు కావాలన్నారు. చివరికి వచ్చింది వెనక చక్రం. పదకొండు పళ్లచక్రాల దొంతర ఎక్కడానికి ఇరుసు మీద వుండే డొల్ల కొంచెం పొడుగుండాలి. ఎంత పొడుగు? 1.85 మిల్లీమీటర్లు. ఒక బియ్యపు గింజ లావు. ఆ బియ్యపు గింజ కోసం, తిరుగుతున్న చక్రాన్ని తీసి అవతల పెట్టి కొత్త చక్రం కొనుక్కోవాలి. అన్నీ కూడి నలభై ఎనిమిది వేలు, మజూరీ అదనం.

"అయితే ఒకేసారి పన్నెండు వేయించండి, తర్వాత చింత వుండదు" అని కౌంటరు దగ్గరి కుర్రవాడు సలహా చెప్పాడు. పాపం, అతనికి నా సైకిలు చూపించలేదు. షిమానో కంపెనీ 105 అనే సామానును పన్నెండు చక్రాలతో 2022లో విద్యుత్తు మీటలతోనూ, 2023లో మామూలు తీగలతోనూ విడుదల చేసింది. ఆ తీగల రకానికి మీటలు డిస్కు బ్రేకులతోనే వస్తాయి. నా సైకిలుకు రిమ్మును పట్టుకునే బ్రేకులు. డిస్కు బిగించడానికి చట్రంలో చోటే లేదు. అంటే పన్నెండు గేర్లు కావాలంటే ముందు సైకిలు కావాలి.

ఈ చక్రాల సంఖ్య పెరగడం వెనక పెద్ద చరిత్రే వుంది. ఫ్రాన్సు దేశపు సైకిలు పందెం టూర్ ద ఫ్రాన్స్ మొదలైంది 1903లో. దాన్ని నడిపిన ఆఁరి దెగ్రాంజ్ అనే ఆయనకు గేర్లంటే ఒళ్లు మంట. నలభై అయిదేళ్లు దాటిన వాళ్లకు తప్ప గేర్లు ఎవరికీ అక్కర్లేదని ఆయన మతం. ఆ దేశంలోనే సెంటెచియెన్ వూళ్లో పోల్ ద వివీ అనే ఆయన గేర్లుంటే మామూలు మనిషి కూడా కొండలెక్కగలడని వాదించి, పత్రిక నడిపి మరీ ప్రచారం చేశాడు. డిరైలరును ఆ పందెంలోకి రానిచ్చింది 1937లో. నాకు ఇప్పుడు నలభై ఏడు. దెగ్రాంజ్ బతికి వున్నా నాకు మినహాయింపు ఇచ్చేవాడు!

1960లలో ఆ పందెం గెలిచినవాళ్ల వెనక చక్రానికి అయిదారు పళ్లచక్రాలకు మించి లేవు. ఆల్ప్స్ కొండలు ఆనాడూ ఆ ఎత్తే. వేలితో నొక్కితే టిక్కుమని ఒక్కో మెట్టే మారే ఏర్పాటు షిమానోవాళ్లు 1984లో తెచ్చారు. గేరు మీటను బ్రేకు మీటతో కలిపి చేతికిందికి తెచ్చింది 1990లో. నా దృష్టిలో అసలు మేలు జరిగింది ఆ రెండు చోట్ల. అక్కణ్ణించి మాత్రం వేలంపాట నడిచింది. ఇటలీలో కాంపాన్యోలో కంపెనీ 2000లో పది అన్నది, 2008లో పదకొండు అన్నది, 2018లో పన్నెండు, 2020లో పదమూడు.

ఇదంతా ఒక రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడకు చెప్పాను. ఆవిడ లెక్కల టీచరు. ఓపిగ్గా విని, "ఏమండీ, ఆ పదకొండింటిలో మీ మోకాలికి పనికొచ్చేది ఏది?" అని అడిగింది.

నేను కాగితం తెచ్చాను. మీరూ ఒక కాగితం తెచ్చుకోండి, లెక్క తేలికే. ముందు చక్రం పళ్లను వెనక చక్రం పళ్లతో భాగించండి. పెడలు ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం ఎన్ని చుట్లు తిరుగుతుందో వస్తుంది. నా చక్రం చుట్టుకొలత సుమారు 2.1 మీటర్లు, దానితో గుణించండి. 39ని 25తో భాగించి గుణిస్తే దాదాపు 3.3 మీటర్లు. అంటే ఘాటీలో నేను పెడలు తిప్పిన ప్రతిసారీ నన్నూ, సైకిలునూ, నీళ్ల సీసాలనూ 3.3 మీటర్లు కొండెక్కిస్తున్నాను. వెనక 25కు బదులు 32 పళ్ల చక్రం వుంటే? 2.56 మీటర్లు. అదే బరువును ప్రతి చుట్టుకూ ముప్పావు మీటరు తక్కువ లాగితే చాలు. వేగం తగ్గుతుంది, చుట్లు పెరుగుతాయి, మోకాలికి తెరిపి దొరుకుతుంది. డాక్టరు చెప్పింది ఇదే కదా.

ఇప్పుడు పదకొండు చక్రాల దొంతర చూడండి. దుకాణం చీటీలో రాసినది 11 నుంచి 32 దాకా: 11, 12, 13, 14, 16, 18, 20, 22, 25, 28, 32. ఎనిమిది చక్రాల్లోనూ 11 నుంచి 32 దాకా దొరుకుతుంది: 11, 13, 15, 18, 21, 24, 28, 32. రెండు వరసలూ మొదలు ఒకటే, చివరా ఒకటే. తేడా అంతా నడుమనే. మా ఆవిడ రెండు వరసల చివరి అంకెలకూ సున్నా చుట్టి, "ఈ రెండు ముప్పైరెండుల మధ్య తేడా నలభై వేలా?" అన్నది.

నడుమ మెట్లు దగ్గరదగ్గరగా వుండడం ఏమీ లాభం కాదని నేననను. గుంపుగా పందెం తొక్కేవాళ్లకు, పక్కవాడి వేగానికి సరిగ్గా సరిపోయే మెట్టు దొరకాలి. ఎదురుగాలిలో గంటల తరబడి తొక్కేవాళ్లకూ అది హాయి. కొత్త మీటలు మృదువుగా వుంటాయి, చెయ్యి ఎక్కడున్నా అందుతాయి. నా పాత మీటల్లో ఒకటి బొటనవేలితో నొక్కేది. హ్యాండిలు వంపు కిందిభాగం పట్టుకున్నప్పుడు అది అందదు. ఎవరికైనా మీటలే పాడై, వెనక చక్రమూ అరిగిపోయి, ఎట్లాగూ రెండూ కొనవలసి వస్తే పదకొండుకు పోవడమే తెలివి. అప్పుడు డొంక ఎట్లాగూ కదిలింది. నా మీటలు టిక్కుమంటున్నాయి, నా చక్రం వంకర లేకుండా తిరుగుతోంది. ఇక కొత్త సామానుకు తొక్కుడు తేలికవుతుందా అంటే, 1999లో అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంవాళ్లు సైకిలు గొలుసును పరీక్షించి చూస్తే, బాగున్నప్పుడు మనం పెట్టిన శక్తిలో నూటికి 98.6 పాళ్ల దాకా చక్రానికి చేరింది. మిగిలినది ఒకటీ పాయింటూ నాలుగు పాళ్లు. దానికోసం నలభై వేలు పెట్టేవాళ్లు వుంటే వాళ్లకో నమస్కారం.

నిర్ణయం సగం అయింది. మిగతా సగం మా పేట మేస్త్రీది. ఆయన దుకాణానికి బోర్డు లేదు, వేపచెట్టు వుంది. "ముందు చట్రం చూద్దాం మాస్టారూ. గోడ బీటలిస్తే రంగెందుకు?" అన్నాడు. సైకిలు తలకిందులు చేసి, గుడ్డతో తుడిచి, అతుకులన్నీ వేలితో తడిమాడు: హ్యాండిలు కిందిది, పెడళ్ల ఇరుసు చుట్టూ వున్నది, వెనక చక్రం కూర్చునే చీలికలు. అల్యూమినియంలో వెంట్రుకవాసి బీట కనపడినా ఆ చట్రాన్ని నమ్మకూడదు. ఇనప చట్రమయితే అతుకు వేయవచ్చు. చక్రం కూర్చునే ఎడం చాలకపోతే నాలుగు మిల్లీమీటర్ల దాకా జాగ్రత్తగా విప్పనూవచ్చు. పాత ఇనప సైకిళ్లను అట్లా 126 నుంచి 130కి విప్పి కొత్త చక్రాలు వేసుకున్నవాళ్లు ఎందరో వున్నారు. అల్యూమినియంతో ఆ చనువు పనికిరాదు. దేవుడి దయవల్ల నా చట్రానికి బీట లేదు.

తర్వాత గొలుసు. మేస్త్రీ ఒక అడుగు స్కేలు తీశాడు. సైకిలు గొలుసులో ఒక మేకు మధ్యనుంచి మరో మేకు మధ్యకు సరిగ్గా అర అంగుళం. కనుక ఇరవై నాలుగు లంకెలు పన్నెండు అంగుళాలుండాలి. పన్నెండో అంగుళం గీత దాటి అంగుళంలో పదహారోవంతు మేకు ముందుకు పోయిందంటే గొలుసు అరుగుతున్నదన్నమాట. ఎనిమిదోవంతు పోయిందంటే, వెనక పళ్లను కూడా తనతోపాటు తినేసిందన్నమాట. నాది ఎనిమిదోవంతు మీద వుంది. సముద్రపు గాలీ, రోడ్డు మీది ఇసుకా మా వూళ్లో ఏ గొలుసునూ ఎక్కువ కాలం బతకనివ్వవు. అరిగిన పళ్ల మీద కొత్త గొలుసు వేస్తే బలంగా తొక్కినప్పుడు జారుతుంది. అంచేత గొలుసూ, వెనక దొంతరా ఎట్లాగూ మారవలసినవే. మీ ఇంట్లో ఏ సైకిలున్నా, పిల్లల స్కూలు డబ్బాలోని స్కేలు తీసి ఈ కొలత చూడండి. కొలవడానికి ఒక నిమిషం పట్టదు.

ఇంకొక చిక్కు మిగిలింది. నా పాత వెనక డిరైలరు పొట్టిది. 32 పళ్ల చక్రం దాకా అది వంగదు, చిన్న చక్రం మీదికి వచ్చినప్పుడు మిగిలే గొలుసును లాగి పట్టుకోనూ లేదు. ముందు చక్రాన్నే చిన్నది చేస్తే? 39 తీసి 34 వేసి, వెనక 28 పెట్టినా వచ్చేది దాదాపు అదే 2.55 మీటర్లు. అయితే నా పెడళ్ల దగ్గర చక్రాన్ని బిగించే మరల వలయం 130 మిల్లీమీటర్లది. దానికి 38 పళ్లకన్నా చిన్న చక్రం పట్టదు. 34 కావాలంటే పెడళ్ల చేతులతో సహా మార్చాలి. దానికన్నా పొడుగు చేతి డిరైలరు చవక. షిమానోవాళ్ల రోడ్డు సైకిళ్ల సామానులో ఎనిమిది, తొమ్మిది, చాలా మటుకు పది గేర్ల డిరైలర్లకూ తీగ లాగే కొలత ఒకటే. కనుక పాత మీటకు కొత్త డిరైలరు మారుమాట లేకుండా లొంగుతుంది. ఈ సంగతి చీటీ రాసిన దుకాణంలో ఎవరూ చెప్పలేదు.

ఎనిమిది చక్రాల దొంతర, గొలుసు, పొడుగు చేతి డిరైలరు, కొత్త తీగలు, మజూరీ కలిపి ఆరువేల నాలుగు వందలయింది. 39 పళ్ల ముందు చక్రం ఇంకా బాగానే వుందని మేస్త్రీ దాన్ని ముట్టుకోలేదు. మిగిలిన డబ్బు గురించి మా ఆవిడ ఏమీ అనలేదు గానీ, అమ్మాయి పుణే ప్రయాణానికి పెట్టె కొనాలని మర్నాడే జ్ఞాపకం చేసింది.

బ్యాంకు పెద్దమనిషి నా వెనక చక్రం వైపు వంగి చూసి, లెక్కపెట్టి, "ఎనిమిదేనా?" అన్నాడు. ఎనిమిదే అన్నాను. ఆ ఆదివారం సింహాచలం కొండ రోడ్డు మీద ఇద్దరం కలిసి ఎక్కాం. ఆయన ముందు చేరాడు, నేను కొంచెం వెనక చేరాను. నాకన్నా పన్నెండేళ్లు పెద్దాయన చేతిలో ఓడడానికి గేర్లు కారణం కాదని ఇప్పుడు ఋజువయింది కనుక ఆ సంగతి వదిలేద్దాం. మోకాలు మాత్రం దారిలో ఒక్కమాట కూడా అనలేదు. ఒకటే లోటు కనపడింది. భీమిలి నుంచి తిరిగి వస్తుంటే ఎదురుగాలి వేస్తుంది చూశారూ, అప్పుడు 15 మీద బరువుగా వుంటుంది, 18 మీద కాళ్లు వూరికే తిరిగిపోతాయి. మధ్యలో 16 వుంటే బాగుండుననిపిస్తుంది. ఆ పదహారు ధర నలభై వేల పైమాట అని తలుచుకుని 18 మీదికి దింపుకుంటున్నాను.

డిసెంబరుకు ఇంకా తొమ్మిది వారాలుంది. అమ్మాయి ఫోను చేసినప్పుడల్లా అమ్మ ఎట్లా వుందని అడిగి, ఆ తర్వాత ముప్పైరెండు ఎట్లా వుందని అడుగుతోంది.